ప్రభుత్వవిధానవిద్యకు దానధర్మములు
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



ఈ సభయందు విద్యాదానమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఆ విషయమున మనవారికి నేను క్రొత్తగా విన్నవింపవలసిన దేమున్నదని సంశయించితిని. సత్రములు కట్టించుట, చలివేంద్రములు పెట్టించుట, చెరువులు త్రవ్వించుట మన పెద్దలకు వెన్నతో పెట్టిన విద్య. పిదప పట్టణములందు విద్యార్థి వసతిగృహములు వెలసినవి. ఒక పూట అన్నము, పడుకొనుటకు చాప దొరకినందువలన ఎందరు బీదపిల్లలు వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు ఐరో ఈ సభలో కూర్చున్నవారే సాక్షులు. ఐనను మన దాతల దృష్టి ఇంకను ప్రసరింపని విద్య యొకటి కలదు. అది ప్రభుత్వవిధానవిద్య. దానినే పబ్లిక్ పాలసీ యని వ్యవహరించుచున్నారు.

ఈ విద్య యెట్టిదని మీరడుగవచ్చును. చట్టములు చేయువారు శాసనసభ్యులు. వానిని నడపువారు ఉద్యోగులు. కాని ఒక పథకమువలన మేలు పొందువా రెవరు, నష్టపడువా రెవరు, దానికి సొమ్మెంత కావలెను, ఆ సొమ్ము ఏ పన్నునుండి రావలెను, పదేండ్లు గడచిన పిదప ఫలమేమి కనబడెను అను సంగతులను ఊళ్లు తిరిగి విచారించి, లెక్కలు కట్టి, నిర్భయముగా చెప్పువాడొకడు ఉండవలెను గదా! అట్టివానిని తయారుచేయు విద్య యిది. అర్థశాస్త్రము, గణాంకశాస్త్రము, న్యాయము, పరిపాలన ఇందు కలిసియుండును. పట్టము పొందిన పిదప చదువదగిన చదువు.

దీని యావశ్యకత నాకు పుస్తకములవలన తెలియలేదు. మా యూరి చెరువువలన తెలిసినది. ఆ చెరువు తూము శిథిలమై నీరు నిలువకుండెను. మేము పెద్దలము నలుగురము కూడి మూడేండ్లు అర్జీలు వ్రాసితిమి. ప్రతి యేడును పద్దు లేదను ప్రత్యుత్తరమే వచ్చెను. మాపై ఎవరికో పగ యున్నదని కొందరు, మన కులమువాడు మంత్రిగా లేకపోవుటయే కారణమని కొందరు తలపోసిరి. అంతట ఈ విద్య చదివిన మా బంధువుల కుర్రవాడొకడు సెలవులకు వచ్చి, ఒక మధ్యాహ్నము కూర్చుండి బడ్జెటు పుస్తకములను, ప్రభుత్వపు ఉత్తరువులను చదివి, “తాతగారూ, ఆయకట్టును బట్టి చూడగా మీ చెరువు వేరొక శాఖ పద్దు క్రిందికి వచ్చును. మీ రడిగిన చోట ఈ సొమ్ము ఎన్నటికిని ఉండదు” అనెను. అర్జీ మార్చితిమి, తూము బాగుపడెను. కాని ఆ మూడేండ్లు ఎండిన మళ్లు ఎండినవే. తప్పు ప్రభుత్వమువారిది కాదు, మా యజ్ఞానముది. అంతవరకు ఎనిమిది పెళ్లిమండపములకు చందాలిచ్చిన నేను, అట్టి కుర్రవాని చదువునకు ఒక్క రూపాయియైన ఇచ్చినవాడను కానని ఆనాడు సిగ్గుపడితిని.

ఈ విద్యకు దానమిచ్చినవారు లోకమున లేకపోలేదు. ఇంగ్లండునందు హెన్రీ హంట్ హచిన్సను అను న్యాయవాది 1894లో మరణించుచు ఫేబియను సంఘమువారి వశమున దాదాపు 20,000 పౌనులు విడిచిపెట్టెను. సిడ్నీవెబ్బు మొదలగువారు ఆ ధనముతో 1895లో లండను ఆర్థికశాస్త్ర విద్యాలయమును స్థాపించిరి. ఆ విద్యాలయముననే దారిద్ర్యకారణములను పరిశోధించుటకై 1912లో మన దేశీయుడు సర్ రతన్ టాటా ఏటేట 1,400 పౌనులు ఇచ్చెను. అమెరికాలో చేతితొడుగుల వ్యాపారమున ధనవంతుడైన లూషియస్ లిట్టౌరు 20 లక్షల డాలర్లిచ్చుటచే హార్వర్డు విశ్వవిద్యాలయమున 1936లో ప్రభుత్వపరిపాలనకు ప్రత్యేక విద్యాలయ మేర్పడెను. 1966లో దానికి కెన్నెడీగారి పేరు పెట్టిరి.

మన దేశముననే చూడుడు. పూనా నగరమున 1930లో గోఖలే రాజనీతి అర్థశాస్త్ర సంస్థ రావుబహద్దరు ఆర్. ఆర్. కాళేగారు భారతసేవకసంఘమున కొసగిన మూలధనముతో వెలసెను. డి. ఆర్. గాడ్గిల్ గారు దానికి మొదటి యధ్యక్షులై, పూనాలో పండ్ల వ్యాపార మెట్లు జరుగుచున్నదో మొదలుకొని జనుల జీవనస్థితిని ఇల్లిల్లు విచారింపజేసిరి. వారే తరువాత 1967లో కేంద్రప్రణాళికాసంఘమునకు ఉపాధ్యక్షులైరి. రాష్ట్రములకు కేంద్రసహాయమును పంచు సూత్రము వారి పేరనే ప్రసిద్ధమయ్యెను. దాత పేరిట నెలకొన్న కాళే స్మారకోపన్యాసము నిచ్చుటకు 1939లో డాక్టరు అంబేద్కరుగారు ఆ సంస్థకు విచ్చేసి, అప్పటి ఫెడరేషను ఏర్పాటును నిశితముగా విమర్శించిరి. దానమనగా ఇట్టిది! దాత గతించిన పిదపకూడ దేశమునకు అవసరమైన మాట పలుకుటకు అది వేదిక కల్పించినది.

అంబేద్కరుగారి ప్రసక్తి వచ్చినది గావున మరియొక మాట. 1913లో బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడుగారు వారికి విద్యార్థివేతనమిచ్చి అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పంపిరి. అచ్చట అర్థశాస్త్రమును చదివి, బ్రిటిషు ఇండియాలో రాష్ట్రముల ఆదాయవ్యయముల చరిత్రను శోధించి ఆయన వ్రాసిన గ్రంథము 1925లో అచ్చుపడెను. ఆ విద్యార్థియే పిమ్మట మన రాజ్యాంగమును రచించిన సంఘమునకు అధ్యక్షుడయ్యెను. మహారాజుగారు తమ కులము పిల్లలకే వేతనమని నియమము పెట్టియుండిన దేశమేమి కోల్పోయెడిదో మీరే యోచింపుడు.

ఈ మాట ఉద్దేశపూర్వకముగనే అంటిని. మన సొమ్ముతో చదువువారు మన పిల్లలే కావలదా యని నిన్నటి విషయనిర్ణయసభలో ఒక పెద్దలు ప్రశ్నించిరి. వారి ప్రశ్న న్యాయమైనదే. వసతిగృహమునకు మనమట్టి నియమము పెట్టుకొంటిమి. కాని వసతిగృహమున అన్నము తినువాడు ఫలమును తానే పొందును. విధానవిద్య అట్టిది కాదు. చక్కగా నిర్ణయింపబడిన నీటిపన్ను, పంటభీమా, పాఠశాలల నిబంధన, వీనివలన ఫలము నిబంధన క్రింద బ్రతుకువారందరిది. చెరువు నిండినప్పుడు ఆయకట్టులోని మడి యెవరిదని తూము అడుగదు. కాబట్టి ఈ వేతనములు బీదతనమును, యోగ్యతను మాత్రమే చూడవలెనని నా నిశ్చితాభిప్రాయము. మన పిల్లలు పోటీలో నెగ్గి పొందుదురుగాక!

ఐతే దానమిచ్చినంతమాత్రమున సరిపోదు. 1961లో అమెరికాలో చార్లెసు రాబర్ట్‌సను, మేరీ రాబర్ట్‌సను దంపతులు ప్రిన్స్‌టను విశ్వవిద్యాలయమందలి రాజనీతి విద్యాలయమునకు 3 కోట్ల 50 లక్షల డాలర్ల విలువగల ఆస్తినిచ్చిరి. పట్టభద్రులను ప్రభుత్వసేవకు, ముఖ్యముగా విదేశవ్యవహారములకు తయారుచేయుట వారి సంకల్పము. దాత లిద్దరును గతించిన పిదప ఆ సంకల్పము నెరవేరుటలేదని, నిధి ఇతరకార్యములకు పోవుచున్నదని వారి సంతానము 2002లో వ్యాజ్యము వేసిరి. చదువు నెట్లు నడపవలెనో నిర్ణయించు స్వాతంత్ర్యము తమదని విశ్వవిద్యాలయమువారు వాదించిరి. ఆరేండ్లు నడచిన వ్యాజ్యము 2008లో రాజీపడెను. నిధి విశ్వవిద్యాలయమునకే మిగిలెను. కాని వ్యాజ్యపు ఖర్చులక్రింద 4 కోట్ల డాలర్లు, ప్రభుత్వసేవకు విద్యార్థులను తయారుచేయుటకై కుటుంబమువారు పెట్టు క్రొత్త నిధికి 5 కోట్ల డాలర్లు చెల్లింపవలసివచ్చెను. ఎవరిది న్యాయమో నేను తీర్పు చెప్పబోను. చదువునకు పోవలసిన ధనమెంతో న్యాయస్థానమున కరగిపోయెనుగదా యనునదే నా విచారము.

కావున మనమిచ్చునప్పుడు కొన్ని కట్టుబాట్లు ముందే వ్రాసికొనవలెను. దానపత్రమున ఉద్దేశము స్పష్టముగా నుండవలెను. సందిగ్ధపదములు మనుమల కాలమున వ్యాజ్యములగును. మూలధనము ముట్టక వడ్డీనే వ్యయపరుపవలెను. ఒక కోటి రూపాయలు నూటికి ఆరువంతున వడ్డీకి వచ్చినచో ఏటేట ఆరు లక్షలగును. కొంతమంది విద్యార్థులకు అది ఆధారము. ప్రతి సంవత్సరము లెక్కలు ఇట్టి సభలో చదువబడవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి. పరిశోధన యేమి తేల్చవలెనో దాత చెప్పరాదు. మనవారి మిల్లులకో, మనవారి కాంట్రాక్టులకో ప్రతికూలముగా ఒక విద్యార్థి లెక్క తేల్చినను మనము వేతనము నిలుపరాదు. అట్లు నిలిపినచో మనమిచ్చినది దానము కాదు, కూలి.

క్రొత్త భవనము కట్టవలసిన పనిలేదు. హైదరాబాదునందు 2021లో గీతం విశ్వవిద్యాలయమున కౌటిల్యుని పేరిట ఇట్టి విద్యాలయ మొకటి వెలసినది. దేశమున మరికొన్ని కలవు. తగిన దానిని ఎన్నుకొని వేతనములు నెలకొల్పిన చాలును. ఫలకముపై మన పేరు చెక్కుట కవకాశము తక్కువ యగును. విద్యార్థి కందునది ఎక్కువ యగును.

సోదరీమణులకొక మనవి. రాజ్యాంగమునకు 1992లో చేసిన 73వ సవరణచే పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 అని పట్టిక యేర్పడినది. మన రెండు తెలుగు రాష్ట్రములందును పంచాయతీ స్థానములలో సగము స్త్రీలకు ప్రత్యేకింపబడినవి. సర్పంచి కుర్చీ మీకు వచ్చినది. కాని పద్దుపుస్తకము ఇంకను భర్తల చేతనో గుమాస్తాల చేతనో ఉన్నయూళ్లు నేనెరుగుదును. ఈ వేతనములలో సగము బాలికలకు కేటాయింపవలెనని నా కోరిక.

మహాశయులారా! మన పెద్దలు దాహమైనవానికి చలివేంద్రమున నీరిచ్చిరి. ఆ పుణ్యమును తక్కువచేసి మాట్లాడుటకు నే నెంతవాడను? కాని ఊరికి నీరేల రాలేదో విచారించి చెప్పువానికి అన్నము పెట్టుటయు ఆ పుణ్యములోనిదే. ఈ సంవత్సరము మా యింట జరుగు వివాహమున మండపపు అలంకారమునకై కేటాయించిన సొమ్మును, ఇంటివారి సమ్మతితో, ఈ నిధికి మొదటి చందాగా కార్యదర్శిగారి కర్పించుచున్నాను. మొత్తము స్వల్పమే, ఇంటివారి నొప్పించుటకు మాత్రము చాల శ్రమపడితిని. మీ యిండ్లలో అంత శ్రమ కలుగకుండుగాక యని ప్రార్థించుచున్నాను.