కట్టకముందే కట్టి చూచుట



1956లో పూర్తియైన మన విధానసౌధకు కాగితపు ప్లానులే ఆధారము. 2022 నవంబరులో ప్రారంభమైన కెంపేగౌడ విమానాశ్రయపు రెండవ టెర్మినల్ చూడుడు: వెదురు కప్పు, వేలాడు తోటలు, నీటి గొట్టములు, గాలి గొట్టములు, కరెంటు తీగలు! ఎవరి ప్లాను వారే గీసికొన్నచో ఒకదానికొకటి అడ్డుపడును. అందుచేత ఇట్టి కట్టడములను ఆర్కిటెక్టు, ఇంజనీరు, కంట్రాక్టరు కలిసి కంప్యూటరులో ముందే కట్టి చూతురు. బిమ్ అని దానికి పేరు. దూలమునకు గొట్టము తగిలినచో తెరమీదనే తెలియును, అక్కడనే దిద్దవచ్చును. కాంక్రీటు గట్టిపడిన పిమ్మట తెలిసినచో పగులగొట్టవలసినదే. ఆ దుమ్ము మింగువారిలో మన పాలమూరు కూలీలు ఎందరో!

అయితే ఆ తెర ముందు మేస్త్రీకి చోటేది? వైబ్రేటరు దూరని సందు ఏదో కమ్మీలు కట్టువానికే తెలియును గదా. మన సంఘములో ఇంజనీర్లున్నారు, మేస్త్రీలున్నారు. పండుగ సెలవు ముగిసి నమూనా తెరచునాడు వారినీ పిలువుడని మేము కోరుచున్నాము.