నాడీకణ రహస్యము: కహాల్ మహాశయుని పరిశోధన



గ్రంథాలయ రజతోత్సవ సమయమున ఒక శాస్త్రజ్ఞుని స్మరించుట ఉచితము. ఆయన పేరు సాంటియాగో రామోన్ ఇ కహాల్. స్పెయిన్ దేశమున ఒక చిన్న కొండ గ్రామమున 1852 మే 1వ తేదీన జన్మించెను. మెదడు ఎట్టి కణములతో కట్టబడినదో లోకమునకు చూపినవా డాయనయే.

బాల్యమున ఆయన అల్లరికి పెట్టినది పేరు. బొమ్మలు గీయుటయన్న ప్రాణము. తండ్రి వైద్యుడు, కథలును, చిత్రములును చదువునకు విఘాతములని ఆయన తలంపు. కుమారుని దారికి తెచ్చుటకై మంగలి యొద్దను, చెప్పులు కుట్టువాని యొద్దను పనికి పెట్టెను. ఇంతలో పొరుగున నున్న మిఠాయి వ్యాపారి అటకపై పుస్తకముల రాశి బాలుని కంటబడినది. రహస్యముగా పోయి, ఒక్కొక్క నవల తెచ్చి చదివి, మరల యథాస్థానమున ఉంచుచుండెడివాడు. తుదకు తండ్రియే శ్మశానమునుండి తెచ్చిన ఎముకలను ముందుంచి శరీర నిర్మాణమును బోధించెను. చిత్రకారుని చేతికి శాస్త్రము తోడయ్యెను.

1873లో వైద్య పట్టము పొంది, సైనిక వైద్యుడుగా క్యూబాకు పోయి, మలేరియాతో కృశించి తిరిగి వచ్చెను. 1887లో మాడ్రిడ్ నగరమున లూయీస్ సిమారో అను వైద్యుడు, గోల్జి పద్ధతిచే రంగు వేసిన నాడీ భాగములను ఆయనకు చూపెను. ఇటలీ శాస్త్రజ్ఞుడు గోల్జి 1873లో ప్రకటించిన ఈ పద్ధతిలో వెండి లవణముచే ఏవో కొన్ని కణములు మాత్రమే కొమ్మలతో సహా నల్లబడి, స్పష్టముగా కానవచ్చును.

ఆనాడు పలువురు పండితులు నాడీమండలమంతయు ఎడతెగని వల యని నమ్మిరి. గోల్జియు అట్లే తలచెను. హిస్, ఫోరెల్ మున్నగువారు కణములు వేరువేరని సూచించిరి గాని, ప్రత్యక్ష నిదర్శనము చాలకుండెను. కహాల్ ఆ పద్ధతినే రెండుమారులు ప్రయోగించి మెరుగుపరచెను. పెరిగిన అడవిలో చెట్టును గుర్తించుట కష్టము గనుక లేతవనమునే పరిశీలింపవలెనని తలచి, పక్షి పిండములను, పసి జంతువులను ఎన్నుకొనెను. 1888లో బార్సిలోనాలో పక్షుల చిన్నమెదడును పరీక్షింపగా, తంతువులు ఇతర కణములలో కలిసిపోక, వానిని తాకి స్వేచ్ఛగా ముగియుచున్నట్లు కనబడెను. ప్రతి నాడీకణమును వేరొక వ్యక్తి వంటిది!

సత్యము దొరకినది, వినువారు లేరు. స్పానిష్ భాషలో వ్రాసిన శాస్త్రమును విదేశ పండితులు చదువుట అరుదు. ఆయన సొంత ధనముతో పత్రిక స్థాపించి, ప్రతులను విద్వాంసులకు పంపెను. 1889లో తన పలకలను తీసికొని బెర్లిన్ శరీరశాస్త్ర సభకు పోయి, వచ్చీరాని ఫ్రెంచి భాషలో వివరించుచు, సూక్ష్మదర్శినిలోనే చూడుడని కోరెను. వృద్ధ పండితుడు కోలికర్ చూచి మెచ్చి, ఆయన పక్షమున నిలిచెను. 1891లో వాల్డెయర్ ఈ కణమునకు న్యూరాన్ అను పేరు పెట్టెను. 1897లో షెరింగ్టన్ పక్షమువారు కణముల సంధికి సినాప్స్ అను పేరు నిచ్చిరి.

1906లో నోబెల్ బహుమానము గోల్జికిని, కహాల్‌కును ఉమ్మడిగా లభించెను. పద్ధతి ఒకరిది, ఫలము వేరొకరిది. గోల్జి ఆ సభలోనే న్యూరాన్ సిద్ధాంతమును ఖండించెను. అయినను గోల్జి పద్ధతియే లేకున్న తన కృషి ఫలింపదని కహాల్ ఎన్నడును మరువలేదు.

1934 అక్టోబరు 17న కహాల్ మాడ్రిడ్‌లో కీర్తిశేషుడయ్యెను. 1950వ దశకమున ఎలెక్ట్రాన్ సూక్ష్మదర్శిని రెండు కణముల నడుమ మిల్లీమీటరులో దాదాపు 50,000వ వంతు ఎడమును చూపి, ఆయన మాటను నిలబెట్టినది. కొన్నిచోట్ల కణములు సన్నని ద్వారములచే నేరుగా కలిసియుండుటయు తరువాత తెలియవచ్చినది గనుక, ఏ సిద్ధాంతమును సంపూర్ణము కాదు. కాని ఆయన చేతి చిత్రములు నేటికిని వైద్య విద్యార్థుల పాఠ్యగ్రంథములలో నిలిచియున్నవి.

అటకపై రహస్యముగా చదివిన బాలుడు ప్రపంచమునకు గురువయ్యెను. తలుపులు తెరచియున్న ఈ గ్రంథాలయమున ఏ బాలుడు ఏ పుస్తకము తీసికొనునో, ఎవరెరుగుదురు!