ఏది తినాలో బిడ్డకే నేర్పుదాం
(మదనపల్లె, పుంగనూరు, కుప్పం తల్లుల కోసం ప్రసంగం)



బడిలో ఇచ్చే గుడ్డు, చిక్కీ పిల్లలకు బలం. కానీ పి.కె.యు. జబ్బుతో పుట్టిన బిడ్డకు అవే కీడు. మాంసకృత్తుల్లో ఉండే ఫినైలాలనిన్ వాళ్ల ఒంట్లో ఖర్చుకాక, రక్తంలో పేరుకుని మెదడును దెబ్బతీస్తుంది. ఒక్క గుడ్డులోనే సుమారు 6 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. 100 గ్రాముల చెనిక్కాయల్లో దాదాపు 25 గ్రాములు.

ఇంట్లో మీరు చూసుకుంటారు. బడిలో పక్క పిల్లోడు చిక్కీ ముక్క పెడితే ఎవరు చూస్తారు? అందుకే చిన్నప్పటినుంచే ఆటలాగా నేర్పండి. ఆకుపచ్చ గిన్నెలో మామిడి, బొప్పాయి, ఆపిల్ ముక్కలు, సగ్గుబియ్యం వడియాలు. ఎర్ర గిన్నెలో గుడ్డు, చెనిక్కాయలు, గుగ్గిళ్లు, పాలకోవా. బిడ్డచేతనే వేరు చేయించండి. "ఇది నాకు పడదు, పండు ఇయ్యండి" అని చెప్పడం అలవాటు చేయండి. పొరపాటున తింటే తిట్టొద్దు. తిడితే దాచిపెట్టి తింటారు. టీచరమ్మకు, వంటమ్మకు ముందే చెప్పిపెట్టండి.

ఆకుపచ్చ గిన్నెలోవైనా డాక్టరు చెప్పిన కొలతే. ఆయన రాసిన ప్రత్యేక పాలపొడి మాత్రం మానొద్దు.

అరుదైన జబ్బుల జాతీయ విధానం (2021) కింద, గుర్తించిన ఆసుపత్రుల్లో వైద్యానికి 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది. హైదరాబాద్ నిమ్స్ అలాంటిదే. మీ ఆశా కార్యకర్తను ఈరోజే అడగండి.