మార్గశిరమున కార్తెల చుక్కలు



ఈ మార్గశిర మాసమున, సాయంకాలము ఏడు గంటల వేళ, వాయవ్య దిక్కున, నేలకు కొద్ది ఎత్తులో తెల్లగా మెరయుచున్న నక్షత్రమొకటి కనబడును. దాని పేరు అభిజిత్తు. అది భూమికి ఇంచుమించు 25 కాంతి సంవత్సరముల దూరమున నున్నది. సెకనుకు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున పరుగిడు కాంతికే అక్కడినుండి ఇక్కడకు వచ్చుటకు 25 ఏండ్లు పట్టుచున్నది. ఈ గ్రంథాలయపు తలుపులు మొదటిసారి తెరచిన ఏట బయలుదేరిన వెలుగు ఇప్పుడు ఊరివారి కన్నులను చేరుచున్నదన్నమాట. రజతోత్సవమునకు ఇంతకంటె తగిన అతిథి లేడు. అయితే ఈ అతిథికి తొందర యెక్కువ. ఎనిమిది గంటలకే అస్తమించును. నేటి పంచాంగపు ఇరువదియేడు నక్షత్రములలో దీనికి స్థానము లేదు. ఇరువదియెనిమిది లెక్కించిన పూర్వపు వరుసలో మాత్రము కలదు.

ఇక తూర్పునకు మరలవలెను. అసలు సంగతి అక్కడ నున్నది.

కార్తెల పేర్లు ఎరుగని రైతు లేడు. రోహిణిలో రోళ్ళు పగులుననియు, మృగశిర ప్రవేశించిన నాడు చేపలు తినవలెననియు, ఆరుద్రలో వేసిన విత్తునకు చేటు లేదనియు ప్రతి యింటను చెప్పుకొందురు. కాని ఆ రోహిణి ఏది, ఆ ఆరుద్ర ఏది, వ్రేలితో చూపుడనినచో పంచాంగము కంఠస్థమైన పెద్దలు సైతము తడుముకొందురు. ఇందులో వారి తప్పు కొంతయే. కార్తె యనగా సూర్యుడు ఆ నక్షత్రము చెంత నుండు కాలము. సూర్యుని చెంత నున్న చుక్క సూర్యునితోనే ఉదయించి, సూర్యునితోనే క్రుంకును. కావున మే నెలాఖరున రోహిణి కార్తె ఎండలు కాయునప్పుడు రోహిణి కనబడదు. జూన్ కడపట ఆరుద్ర వానకు నాగలి కట్టునప్పుడు ఆరుద్ర కనబడదు. ఎవరి పేరు చెప్పి పొలము దున్నుదురో వారి ముఖము ఆ దినములలో చూచుటకు వీలులేదు!

ఆరు నెలలు గడచి సూర్యుడు ఆకాశమున ఎదుటి ప్రక్కకు చేరినప్పుడు ఆ చుక్కలే ప్రొద్దు గ్రుంకువేళ ఉదయించి రాత్రియంతయు నిలుచును. అది ఈ మాసమే. పౌర్ణమినాడు చంద్రుడు సూర్యునికి ఎదురుగా, మృగశిర దాపున నుండుటచేతనే దీనికి మార్గశిరమని పేరు వచ్చినది.

డిసెంబరు నడిమి దినములలో రాత్రి తొమ్మిది గంటలకు చూచినచో, నడినెత్తికి కొంచెము తూర్పుగా చిన్న చుక్కల గుంపొకటి కనబడును. అదియే కృత్తిక, పల్లెలలో పిల్లలకోడి యందురు. దానికి దిగువగా ఎర్రని వన్నె గల పెద్ద చుక్క రోహిణి. దాని కాంతి వచ్చుటకు 65 ఏండ్లు పట్టును. ఇంకను దిగువగా, తూర్పు ఆకాశమున, నాలుగు చుక్కల చతుర్భుజమును, దాని నడుమ ఒకే వరుసలో మూడు చుక్కలును ఉండును. ఆ మూడింటిని చూచినవారు మరల మరువరు. వానికి ఎడమ ప్రక్క ఎర్రగా నున్నది ఆరుద్ర, కుడి ప్రక్క నీలి తెలుపు చుక్క వేరొకటి. రోహిణి నుండి ఆరుద్రకు ఒక గీత ఊహించుకొనినచో, ఆ గీత మీదనే, ఆరుద్రకు చేరువగా, సన్నని మూడు చుక్కలు ముద్దగా నుండును. అవియే మృగశిర. మాసమునకు పేరిచ్చిన చుక్కలు ఇంత మసకగా నున్నవేమి యని నిరుత్సాహపడనక్కరలేదు. చీకటి రాత్రి అవి చక్కగానే కనబడును.

ఆరుద్ర 2019 చివర మసకబారుటకు ఆరంభించి, 2020 ఫిబ్రవరి నాటికి మామూలు వెలుగులో సగముకంటె తగ్గిపోయినది. అది ప్రేలిపోవునేమో యని లోకమున కొందరు తలచిరి. అది వెలిగ్రక్కిన వాయువు చల్లబడి ధూళిమేఘమై ముందు అడ్డుపడినదని పిమ్మట శాస్త్రజ్ఞులు తేల్చిరి. ఎన్నడో ఒకనాడు ప్రేలుట నిజమే కాని, దానికి లక్ష ఏండ్లైనను పట్టవచ్చును.

13, 14 తేదీల రాత్రులలో, పది దాటిన పిదప, పునర్వసు జంట చుక్కల దిక్కునుండి ఉల్కలు విరివిగా రాలును. 1983లో కనుగొన్న ఫేథాన్ అను చిన్న గ్రహశకలము విడిచిన ధూళియే వానికి మూలము.

వీనిని చూచుటకు దుర్భిణి అక్కరలేదు. చీకటి కావలెను, అదియే నేడు కరవైనది. తెల్లని వీధిదీపములు వచ్చిన పిదప పిల్లలకోడి అనేక గ్రామములలో కంటికి ఆనుట లేదు. పంచాంగమున పేర్లు మిగిలి, పైన చుక్కలు మాసిపోవుచున్నవి. గ్రంథాలయపు అరుగు మీది దీపమును అమావాస్య దాపుల రెండు మూడు రాత్రులు ఒక గంట ఆర్పుటకు కార్యవర్గమువారు సమ్మతించినచో, పిల్లలను ఆవరణలోనే కూర్చుండబెట్టవచ్చును. కన్ను చీకటికి అలవడుటకు ఇరువది నిముషములు పట్టును. ఆలోపల ఎవ్వరును చేతిలోని ఫోను వెలిగింపరాదు. ఈ నియమము పెద్దలకే కష్టము.

కళ్ళమున వడ్లకు కావలి పండుకొనువారికి మరియొక చుక్క కలదు. తొమ్మిదింటికి ఆగ్నేయమున అప్పుడప్పుడే పైకి వచ్చు అగస్త్యుడు, రాత్రి ఒంటిగంట వేళకు సరిగా దక్షిణమున, తాటితోపుల తలల మీదుగా నిలుచును. ఉత్తర భారతమున అనేక తావులలో నేలకు మరీ దిగువగా నుండు ఆ నక్షత్రము ఇక్కడ రెండు పిడికిళ్ళ ఎత్తున వెలుగును.