షుగరు రోగుల కంటి పరీక్షలో కృత్రిమ మేధ



షుగరు ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే కంటి లోపలి రెటీనా పొరలో సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి. దీన్నే డయాబెటిక్ రెటినోపతి అంటారు. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. తీరా మసక మొదలయ్యేసరికి జబ్బు ముదిరిపోయి ఉంటుంది. ముందే పట్టుకోవాలంటే ఏటా పరీక్ష కావాలి. కానీ షుగరు ఉన్న కోట్లాది మందికి సరిపడా కంటి వైద్యులు మనకు లేరు.

కృత్రిమ మేధ ఉపయోగపడేది ఇక్కడే. ప్రత్యేక కెమెరాతో రెటీనా ఫొటో తీస్తారు. ఉబ్బిన నాళాల ఎర్రటి చుక్కలు, చిన్న రక్తపు మరకలు, పసుపుపచ్చ మచ్చలు వంటి లక్షణాలు ఉంటే కంప్యూటర్ గుర్తిస్తుంది. గూగుల్ పరిశోధకులు లక్షా 28 వేలకు పైగా ఫొటోలతో దానికి శిక్షణ ఇచ్చి, 2016లో ఫలితాలు ప్రచురించారు. మధురై అరవింద్, చెన్నై శంకర నేత్రాలయ ఆసుపత్రుల ఫొటోలూ అందులో ఉన్నాయి. 2018లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, డాక్టరు చూడకుండానే ఫలితం చెప్పే ఇలాంటి ఒక విధానానికి అనుమతిచ్చింది.

పరిమితులూ ఉన్నాయి. థాయ్‌లాండ్ క్లినిక్‌లలో గూగుల్ విధానాన్ని వాడినప్పుడు, వెలుతురు సరిగా కుదరక స్పష్టంగా రాని ఫొటోలను అది తిరస్కరించింది. రోగులు మళ్లీ వేరే చోటికి వెళ్లాల్సివచ్చింది. పైగా కృత్రిమ మేధ జబ్బును చూపుతుందే కానీ నయం చేయదు. లేజర్ అయినా, ఇంజెక్షన్ అయినా వైద్యుడి చేతిమీదుగానే జరగాలి.

షుగరు ఉన్నవారికి నా మనవి ఒక్కటే. చూపు బాగానే ఉందని ఊరుకోకండి, ఏడాదికోసారి రెటీనా పరీక్ష తప్పక చేయించుకోండి.