డెస్డిమోనా ఎందుకు తడబడింది?



షేక్స్‌పియర్ రాసిన ‘ఒథెల్లో’ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1604లో లండన్ రాజభవనంలో ఆడినట్లు దాఖలా ఉన్న విషాద నాటకం అది. వెనిస్ నగరంలో గొప్పింటి పిల్ల డెస్డిమోనా, తండ్రికి చెప్పకుండా ఒథెల్లో అనే సేనాపతిని పెళ్ళి చేసుకుంటుంది. అతను పరాయి దేశస్థుడు, నల్లవాడు, వయసులో ఆమెకంటే బాగా పెద్ద. అతని కింద పనిచేసే ఇయాగో కడుపులో కక్ష పెట్టుకుని, ఆమెకు కేసియో అనే ఉద్యోగితో సంబంధం ఉందని చెవిలో ఊదుతాడు. ఒథెల్లో నమ్మి, భార్యను పక్కమీదే ఊపిరాడకుండా చేసి చంపుతాడు. నిజం తెలిశాక తానూ పొడుచుకుని చస్తాడు.

మేము కాలేజీలో చదివేటప్పుడు ఇది ‘అసూయ’ను గురించిన నాటకమని నోట్సు రాయించారు. ఆ మాట నాకు అప్పుడే నచ్చలేదు. అసూయంటే పక్కింటావిడ మెడలో కొత్త గొలుసు చూసినప్పుడు కలిగేది. ఒథెల్లోది అనుమానం. ఆ మాటకు మన ఇళ్ళల్లో ఎవరికీ అర్థం చెప్పనక్కర్లేదు కదూ!

1955లో టాడ్, డ్యూహర్స్ట్ అనే ఇద్దరు ఈ జబ్బును గురించి వ్యాసం రాస్తూ దానికి ‘ఒథెల్లో సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. ఏ ఆధారమూ లేకుండా భార్య తప్పు చేస్తోందని గట్టిగా నమ్మడం, బట్టలూ ఉత్తరాలూ వెదకడం, అడిగిందే అడగడం దాని లక్షణాలు. విపరీతమైన తాగుడువల్లా, కొన్ని మెదడు జబ్బులవల్లా, మానసిక వ్యాధులవల్లా కూడా వస్తుంది. ఆడవాళ్ళకూ వస్తుంది సుమండీ. నన్నడిగితే ఆ పేరు ఒథెల్లోకే సరిగ్గా అతకదు. అతని అనుమానం దానంతటది పుట్టింది కాదు, ఒకడు పనిగట్టుకుని నాటింది. అయితే నేల ముందే దున్ని ఉంది. తాను ఆమెకు తగననే దిగులు లోపల ఉన్నది. పైగా, తన్ను మోసగించిన కూతురు అల్లుణ్ణీ మోసగించవచ్చునని మామగారు ముందే అన్నాడు.

ఇక చేతిరుమాలు సంగతి. అది ఒథెల్లో ఆమెకిచ్చిన మొదటి కానుక. అతనికి తలనొప్పి అంటే ఆమె దానితో కట్టబోయింది. చిన్నదంటూ అతనే తోసేశాడు. అది కింద పడింది. చెలికత్తె ఎమీలియా తీసి తన భర్త ఇయాగోకి ఇచ్చింది. తర్వాత రుమాలేదని ఒథెల్లో ఉరిమితే, డెస్డిమోనా భయపడిపోయి, పోలేదని బొంకింది. ఆ తడబాటే ఆమె ప్రాణం మీదికి వచ్చింది.

పాల్ ఎక్మన్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞుడు 1985లో అబద్ధాలమీద రాసిన పుస్తకంలో దీనికి ‘ఒథెల్లో పొరపాటు’ అని పేరు పెట్టాడు. నిజం చెప్పే మనిషి కూడా, తన్ను నమ్మరేమోనని భయపడితే గొంతు వణుకుతుంది, చూపు చెదురుతుంది. చూసేవాడు ఆ భయాన్నే తప్పుకు సాక్ష్యమనుకుంటాడు. చివరి రంగంలో ఆమె, కేసియోనే పిలిపించి అడగమంటుంది. అతను చచ్చాడంటాడు ఒథెల్లో (నిజానికి చావలేదు). తన నిర్దోషిత్వం చెప్పగల మనిషి పోయాడని ఆమె ఏడుస్తుంది. ప్రియుడికోసం ఏడుస్తోందనుకుంటాడు అతను!

బజారునుంచి రావడం పావుగంట ఆలస్యమైతే, గుమ్మం ఎక్కుతూనే గుండె దడదడలాడే ఇల్లాలికి ఇది వేరే చెప్పాలా? అప్పటి చేతిరుమాలు ఇప్పుడు సెల్‌ఫోను అయింది, అంతే. పిల్లలమీద ఒట్లు వేస్తాం, ఫోను చేతికిస్తాం. ఆ పూటకు చల్లబడతాడు. మర్నాడు మళ్ళీ మొదలు. రుజువులతో పోయే జబ్బు కాదిది. మందులున్నాయి, మాటలతో చేసే చికిత్స ఉంది. తాగుడువల్ల వచ్చిందయితే ముందు అది మానిపించాలి. 14416 నంబరుకు ఫోను చేస్తే మానసిక ఆరోగ్య సలహా ఉచితంగా దొరుకుతుంది. చంపుతాననే మాట వచ్చిందంటే మాత్రం వైద్యం తర్వాత, ముందు మీరు అక్కణ్ణుంచి బయటపడాలి. 181 మహిళల సహాయానికే ఉంది.

నాకు నాటకమంతటిలో మరపురానిది ఎమీలియా. రుమాలు గురించి ఒథెల్లో గద్దించినప్పుడు ఆవిడ పక్కనే ఉంది. ఎవరి చేతికిచ్చిందో తెలుసు. కిమ్మనలేదు. మొగుడి మాట పైకి రానివ్వకూడదనుకుంది కాబోలు. ఆఖరికి ఆ మొగుడు కత్తి దూస్తున్నా లెక్కచేయకుండా జరిగిందంతా చెప్పేసింది. అప్పటికి డెస్డిమోనా మంచంమీద చల్లబడి ఉంది.