పికప్పు బండికి రెండు చక్రముల లో గేరు
(మహదేవపూర్ మండల పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగము)



మీ మండలమున ఒక్క దినములోనే బండి మూడు విధములగు నేలపై నడువవలసి యుండును. కాటారము మీదుగా మహదేవపూర్, కాళేశ్వరము పోవు తారు రోడ్డు ఒకటి. చేల నడుమ వాన పడినంతనే జిగురుపట్టు రేగడి బాట రెండవది. గోదావరి యొడ్డున ఇసుక మూడవది. కాళేశ్వరమునకు 2015 జూలైలో గోదావరి పుష్కరములు, 2025 మే 15 నుండి 26 వరకు సరస్వతీ పుష్కరములు వచ్చినవి. అట్టి దినములలో నీరును, సామగ్రిని రేవునకు చేర్చుట ఎంతటి పనియో మేము మీకు చెప్పనక్కరలేదు.

ఇట్టి చోట నాలుగు చక్రములు లాగు పికప్పు బండిని కొనవలెననియో, అద్దెకు తేవలెననియో ఆలోచన కలుగుట సహజము. ఆ బండిని నడుపువారు ఒక ప్రశ్న అడుగుచుందురు. “లో గేరు వేసినచో నాలుగు చక్రములును లాగుచున్నవి. వెనుక రెండు చక్రములతోనే లో గేరు వచ్చునట్లు చేయరాదా?” అని. మరమ్మతు బిల్లును ఆమోదించువారు మీరు. కనుక దీనికి సమాధానము డ్రైవరుతోపాటు మీకును తెలిసియుండవలెను.

మొదట గ్రహింపవలసినది, లో గేరు వేరు, నాలుగు చక్రముల లాగుడు వేరు. గేరు పెట్టెకు వెనుక ట్రాన్స్‌ఫర్ కేసు అను మరియొక పెట్టె యుండును. అది రెండు పనులు చేయును. ముందు చక్రములకు బలము పంపుట మొదటిది. బండి వేగమును తగ్గించి, లాగు బలమును పెంచుట రెండవది. చాల బండ్లలో ఈ తగ్గింపు సుమారు రెండున్నర పాళ్ళు. అనగా మొదటి గేరులో గంటకు 10 కిలోమీటర్లు పోవు బండి, ఇంజను అదే వేగమున తిరుగుచుండగా, లో గేరులో 4 కిలోమీటర్లే పోవును. లాగు బలము మాత్రము రెండున్నర రెట్లగును.

ఈ రెండు పనులను తయారీదారులు ఏల ముడివేసిరి? పెరిగిన ఆ బలమును ముందు వెనుక ఇరుసులు రెండును పంచుకొనవలెనని. ముందు చక్రములను విడదీసి లో గేరు మాత్రము వేసినచో, భారమంతయు వెనుక ఇరుసుపైననే పడును. కాడి నుండి ఒక యెద్దును విప్పి, బండిలో బరువు పెంచినట్లగును. షాఫ్టు గాని, దాని కీళ్ళు గాని, ఇరుసు పండ్లు గాని విరుగవచ్చును.

ఈ జాగ్రత్త నేటిది కాదు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకము ఆరంభమైన పిమ్మట బ్లాకు జీపులు పల్లెలకు పరిచితమైనవి. ఆ కాలపు విల్లీస్ జీపులో ముందు చక్రములను కలిపిన గాని లో గేరు పడకుండ, లివర్ల కడ్డీల నడుమ చిన్న అడ్డు ఒకటి అమర్చబడియుండెను. శ్రీసిటీలో తయారైన ఇసుజు వీ-క్రాస్ ఫోర్ బై ఫోర్ పికప్పులో మీటకు మూడే స్థానములు: రెండు చక్రముల హై, నాలుగు చక్రముల హై, నాలుగు చక్రముల లో. రెండు చక్రముల లో అనునది లేదు.

అయినను డ్రైవర్ల కోరిక నిరాధారము కాదు. బండి మలుపు తిరుగునపుడు ముందు చక్రములు వెనుకవాటికంటె ఎక్కువ దూరము పోవును. ముందు వెనుక షాఫ్టులు బిగిసియుండగా ఆ తేడా తీరు దారి లేదు. ఇసుకలోను, బురదలోను చక్రము కొంచెము జారి సర్దుకొనును. సిమెంటు రోడ్డుపై జారదు. స్టీరింగు బరువెక్కును, టైరు అరుగును, లివరు బిగిసిపోవును. అట్లు బిగిసినచో బండిని తిన్నగా కొంచెము వెనుకకు నడిపిన వదలును. కనుక గట్టి నేలపై, ఇరుకు సందులో, ట్రాలీని మెల్లగా రివర్సు చేయునపుడు రెండు చక్రముల లో గేరు ఉపయోగకరమే. క్లచ్ ప్లేటు కాలకుండ కాపాడును.

ముందు చక్రముల మధ్యన చేతితో త్రిప్పు హబ్బులున్న బండికి ఇది సులువు. దేనిని విప్పనక్కరలేదు, కోయనక్కరలేదు. పద్ధతి ఇది.

1. బండిని సమతలమున నిలిపి, హ్యాండ్ బ్రేకు వేయవలెను.
2. రెండు హబ్బులను “ఫ్రీ” గుర్తునకు త్రిప్పవలెను. ఒకటి త్రిప్పి ఒకటి విడువరాదు.
3. క్లచ్ త్రొక్కి, గేరును న్యూట్రల్ చేసి, ట్రాన్స్‌ఫర్ లివరును నాలుగు చక్రముల లో స్థానమునకు తేవలెను. అట్లయినను వెనుక చక్రములే లాగును.
4. యాక్సిలరేటరును మెల్లగా త్రొక్కవలెను. దిగబడిన బండిని ఈ విధమున లాగరాదు.
5. పని తీరగానే లివరును హై స్థానమునకు మరల్చవలెను. ఇసుకలో దిగుటకు పూర్వము హబ్బులను “లాక్” చేయవలెను. మరచినచో ముందు చక్రములు లాగవు, బండి కూరుకొనిపోవును.

మరియొక ప్రమాదము కలదు. ట్రాన్స్‌ఫర్ లివరు నడుమ “ఎన్” గుర్తున నిలిచినచో, గేరు వేసియున్నను బండి దొర్లును. ఏటి గట్టు వాలుపై నీళ్ళ బండి దొర్లినచో వెనుక నున్నవారి ప్రాణములకే మోసము. కావున వాలుపై లివరు మార్చరాదు. నిలిపిన బండికి హ్యాండ్ బ్రేకు వేసి, చక్రమునకు రాయి పెట్టవలెను.

హబ్బులు లేని బండిలో, మీటతో నడుచు కొత్త బండిలో, లోపలి అడ్డు తీయించుటకు, గొట్టములు గాని తీగలు గాని విడదీయుటకు అంగీకరింపవలదని మా సలహా. ఆ పని మీ ట్రాక్టరు చేయగలదు. 2019 సెప్టెంబరులో పల్లె ప్రగతి ఆరంభమైన తరువాత రాష్ట్రమున గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, ట్యాంకరు సమకూర్చబడినవి. సాధారణ ట్రాక్టరులో హై-లో లివరు కలదు. లాగునవి వెనుక రెండు చక్రములే. మనము కోరు రెండు చక్రముల లో గేరు అదియే! దాని వెనుక ఇరుసు మెల్లగా బరువు లాగుటకే నిర్మింపబడినది. పికప్పు ఇరుసు బరువు మోసికొని వేగముగ పోవుటకు నిర్మింపబడినది. ఏ పనికి ఏ బండియో నిర్ణయించుట మీ చేతిలో నున్నది.

లో గేరు ఉన్నదను ధైర్యముతో పారుచున్న వాగులోనికి బండిని దింపనీయకుడు. 2023 జూలై 27న మీ జిల్లాలోని మోరంచపల్లిని వాగు ముంచినపుడు జనులను హెలికాప్టరుతో రక్షింపవలసి వచ్చినది. అట్టి నీటి యెదుట నాలుగు చక్రములును ఒక్కటే, రెండును ఒక్కటే.

కావున బండిని తెచ్చుటకు ముందు మూడు విషయములు అడుగుడు. హబ్బులు కలవా? లోపలి అడ్డు తీయబడినదా? డ్రైవరునకు లివరు గుర్తులన్నియు తెలియునా? తృప్తికరమగు సమాధానము వచ్చిన పిమ్మటనే పంచాయతీ సొమ్ము చెల్లింపుడు.